కల్లు బందైన మూడో రోజు

మత్తు వైద్యం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో ‘హాని తగ్గింపు’ అన్న మాట వాడినందుకు ఉత్తరాలు గట్టిగానే వచ్చాయి. మెచ్చుకున్నవాళ్లు తక్కువ, కోప్పడ్డవాళ్లు ఎక్కువ. ఆ మాటకు మేం చెప్పుకునే అర్థం ఇదీ: మానేసినవాడికే కాదు, ఇంకా మానలేనివాడికీ వైద్యం అందాలి. మానేలోగా వాడు చచ్చిపోకూడదు, హెచ్‌ఐవీనో కాలేయం జబ్బునో అంటించుకోకూడదు. వచ్చిన ప్రశ్నల్లో ఎనిమిదింటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా ఊర్ల కల్లు దుకాణంల కల్తీ అయితుందని ఎక్సైజోళ్లు బంద్ పెట్టిన్రు. మంచిదే అనుకున్నం. మూడో దినం నుంచి కూలికి పోయేటోళ్లు, ముసలోళ్లు ఒకటే వణుకుడు, ఏదేదో మాట్లాడుడు. ఇద్దరికి ఫిట్స్ వచ్చినయి. ఖరాబు కల్లు బంద్ చేస్తే పాణం బాగుపడాలె గదా, ఇట్లెందుకైతుంది?
– ఆశా కార్యకర్త, నారాయణపేట జిల్లా

జవాబు: మీ ఊరివాళ్లు అలవాటు పడింది కల్లుకు కాదమ్మా, అందులో కలిపిన పొడికి. ఈతచెట్టు, తాటిచెట్టు ఇచ్చే కల్లు దుకాణాల గిరాకీకి ఏ మూలకూ చాలదు. అందుకని నీళ్లు పోసి, తీపికి శాకరిన్, నిషాకు అల్ప్రాజోలం, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. ఏ సీసాలో ఎంత పడిందో కలిపినవాడికే తెలియదు.

అల్ప్రాజోలం, డయజిపామ్ మెదడుకు బ్రేకులాంటివి. ఏళ్ల తరబడి రోజూ బ్రేకు పడుతుంటే, మనిషి మెలకువగా ఉండి పని చేసుకోవడానికి మెదడు యాక్సిలరేటరు తొక్కిపట్టి ఉంచుతుంది. ఒక్కపూటలో బ్రేకు తీసేశారు, యాక్సిలరేటరు మీద కాలు అలాగే ఉంది. వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, లేనివి కనబడటం, ఫిట్స్ అన్నీ దాని ఫలితాలే. అల్ప్రాజోలం ఒంట్లోంచి త్వరగా పోతుంది కాబట్టి ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. డయజిపామ్ చాలా రోజులు నిలుస్తుంది, అది ఎక్కువగా పడిన కల్లు తాగినవాళ్లు వారం తర్వాత కూడా పడిపోవచ్చు. మూడో రోజు పడ్డవాళ్లతో లెక్క తీరిందనుకోకుండా రెండు వారాల పాటు ఇల్లిల్లూ తిరిగి చూడండి.

ఇది కొత్తగా వచ్చిన ముచ్చటా కాదు. 2015 సెప్టెంబరులో మహబూబ్‌నగర్, మెదక్, నిజామాబాద్ జిల్లాల్లో కల్తీ మీద దాడులు జరిగినప్పుడు ఇదే జరిగింది. 2020 లాక్‌డౌన్‌లో మందూ కల్లూ ఒకేసారి ఆగేసరికి ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం బారులు తీరారు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. కాబట్టి దుకాణాలు తెరిచి ఉంచండని మేం చెప్పం. దాడి తేదీ ఎక్సైజుకు ముందే తెలుసు, అదే తేదీ జిల్లా వైద్యాధికారికి ఎందుకు తెలియదన్నదే మా ప్రశ్న. ఏ ఊరన్నది రహస్యంగానే ఉంచుకోండి. రెండు వారాల ముందు ఆ ప్రాంతపు పీహెచ్‌సీలకు డయజిపామ్ బిళ్ళలు, లొరాజిపామ్ ఇంజెక్షన్లు, బి1 విటమిన్ చేరితే చాలు. ఇందులో ఖరీదైన మందు ఒక్కటీ లేదు.

మీ పీహెచ్‌సీ డాక్టరుగారికి చూపించడానికి పద్ధతి రాస్తున్నాం. తీసేసిన బ్రేకును కొలత ప్రకారం మళ్లీ వేసి, మెల్లమెల్లగా వదలడమే ఈ వైద్యం. తాగిన మోతాదు తెలియదు కాబట్టి లక్షణాలను బట్టి పోవాలి. పెద్దవాళ్లకు డయజిపామ్ 10 మి.గ్రా. బిళ్ళ ఇచ్చి, గంటా రెండు గంటలకు మళ్లీ చూడాలి. వణుకు తగ్గి, మనిషి తూగకుండా ఉండే దాకా మోతాదులు ఇస్తూ పోవాలి. ముసలివాళ్లకు, కాలేయం చెడినవాళ్లకు డయజిపామ్ పేరుకుపోతుంది, వాళ్లకు తక్కువ మోతాదులో లొరాజిపామ్ మేలు. మొదటి రోజు మొత్తం ఎంత పట్టిందో అదే రెండో రోజు మూడు నాలుగు పూటలుగా పంచాలి. రెండు మూడు రోజులు అలాగే నిలిపి, ఆ తర్వాత వారానికో రెండు వారాలకో పది నుంచి పాతిక శాతం చొప్పున తగ్గించాలి. రోజుకు 40 మి.గ్రా.తో కుదురుకున్న మనిషిని 35, 30, 25 అంటూ దించవచ్చు. 10కి వచ్చాక మాత్రం 2 మి.గ్రా. చొప్పునే దిగాలి, చివరి మెట్లే కష్టం. వారానికో మెట్టు దిగినా మొత్తానికి రెండు మూడు నెలల పని. నెల బిళ్ళలు ఒకేసారి చేతికిస్తే సగం అమ్ముడుపోతాయి, మిగతా సగం మద్యంలో కలుస్తాయి. మూడు రోజులకోసారి మీలాంటివాళ్ల చేతుల మీదుగా ఇవ్వడం మంచిది.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, ‘పిచ్చిగా చేస్తున్నాడు’ అని హలోపెరిడాల్ ఒక్కటే పొడుస్తారు, దానితో ఫిట్స్ వచ్చే అవకాశం ఇంకా పెరుగుతుంది. ఫిట్స్ అనగానే ఫెనిటాయిన్ పెడతారు, ఈ రకం ఫిట్స్‌కు అది పనిచేయదు. మత్తుబిళ్ళకు విరుగుడని ఫ్లూమజెనిల్ ఇస్తే, అలవాటు పడ్డ మనిషికి బల్లమీదే ఫిట్స్ రావచ్చు. ఒక ఇంజెక్షన్‌తో నెమ్మదించాడని ఇంటికి పంపేస్తే మర్నాటికి మళ్లీ మొదలు. ఫిట్స్ వచ్చినవాళ్లను, జ్వరంతో కలవరిస్తున్నవాళ్లను, గర్భిణులను ఊళ్లో పెట్టుకోకుండా 108లో జిల్లా ఆసుపత్రికి పంపండి.

ప్రశ్న: మా ఆయన రోజుకు రెండు క్వార్టర్లు తాగుతారు. ‘మందు మాన్పించే పొడి’ సాంబారులో కలిపి పెట్టమని ఒకరు ఇచ్చారు. ఆయనేమో మానను గానీ తగ్గిస్తానంటున్నారు. ఏది నమ్మాలి?
– గృహిణి, ఒంగోలు

జవాబు: ఆ పొడి ముందు అవతల పారేయండి. అలా అమ్మే పొడుల్లో తరచుగా ఉండేది డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా మందు తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్నవాళ్ల ప్రాణమే పోవచ్చు. తెలిసి వేసుకునేవాడు జాగ్రత్తపడతాడు. తెలియనివాడు ఆ సాయంత్రం మామూలుగానే సీసా తెరుస్తాడు. ఆపేశాక కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం పోదు. దగ్గు సిరప్పుల్లో, ద్రాక్షారిష్టంలాంటి అరిష్టాల్లో ఉండే ఆల్కహాలు కూడా చాలు. డాక్టరు చెప్పి, ఆయన ఒప్పుకుని, ఇంట్లో ఒకరు చూస్తుండగా వేసుకుంటే డైసల్ఫిరామ్ పనికొచ్చే మందే. దొంగచాటుగా పెడితే మాత్రం విషంతో సమానం.

ఆయన ‘తగ్గిస్తాను’ అనడాన్ని ఎగతాళి చేయకండి. రెండు క్వార్టర్లంటే 360 మి.లీ., అంటే 30 మి.లీ. పెగ్గులు పన్నెండు. ఒక్కరోజులో సున్నాకు దించితే ఫిట్స్, మతి తప్పడం రావచ్చు. పెగ్గు కొలత గ్లాసు ఒకటి కొనండి, అంచనాగా పోసే ‘లార్జ్’కు హద్దుండదు. నాలుగు రోజులకో పెగ్గు తగ్గించాలి, సగానికి వచ్చాక అరపెగ్గు చొప్పున. పొద్దున్నే చేతులు వణికితే, చెమటలు పడితే ఆ మెట్టు మీదే కొన్నాళ్లు ఆగాలి. విస్కీ బదులు స్ట్రాంగ్ బీరంటూ బేరం పెడితే ఒప్పుకోవద్దు. 8 శాతం ఉన్న 650 మి.లీ. సీసాలో సుమారు 41 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది, క్వార్టర్ విస్కీలో ఉండేది 60 గ్రాములు. రెండు బీర్లు తాగితే క్వార్టర్‌ను దాటిపోయినట్టే. ఇదివరకు ఎప్పుడైనా మానినప్పుడు ఫిట్స్ వచ్చి ఉంటే ఇంట్లో ప్రయత్నించవద్దు, ఆసుపత్రిలోనే.

తాగుతూ తగ్గించుకునేవారికి నాల్ట్రెక్సోన్ రోజుకు 50 మి.గ్రా. బిళ్ళ ఉంది. తాగినప్పుడు వచ్చే ఆ ‘మజా’ను అది కోస్తుంది, విపరీతంగా తాగే రోజులు తగ్గుతాయి. ముందు కాలేయ పరీక్ష చేయించాలి, మార్ఫిన్ జాతి నొప్పిమందులు వాడుతున్నవాళ్లకు ఇవ్వకూడదు. ఇంకొక్క మాట. బాగా తాగి, తిండి మానేసి పడి ఉన్న మనిషికి సెలైన్ పెట్టించేటప్పుడు ‘గ్లూకోజుతో పాటు బి1 ఇస్తున్నారా?’ అని అడగండి. బి1 లేకుండా గ్లూకోజు ఒక్కటే ఎక్కిస్తే మెదడు దెబ్బతిని జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి హెరాయిన్ మానడానికి ఎనిమిది నెలలుగా బ్యూప్రెనార్ఫిన్ బిళ్ళ వాడుతున్నాడు. ఉద్యోగానికి కూడా వెళ్తున్నాడు. ‘ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటగట్టారు, ఆపేయించు’ అని మా అన్నయ్య అంటున్నాడు.
– తల్లి, విజయవాడ

జవాబు: ఆపించకండమ్మా. హెరాయిన్ కొట్టినవాడు పైకి ఎగసి, కొన్ని గంటల్లో కిందపడి, మళ్లీ వెతుక్కుంటాడు. బ్యూప్రెనార్ఫిన్ మెదడులో అదే తలుపు దగ్గర కూర్చుంటుంది గానీ తలుపు సగమే తీస్తుంది, పైగా రోజంతా అక్కణ్నుంచి లేవదు. అందుకే ఎగరడమూ లేదు, పడటమూ లేదు, మీ అబ్బాయి ఉద్యోగానికి వెళ్లగలుగుతున్నాడు. ఈ మందును, ఇలాగే హెరాయిన్ బదులు ఇచ్చే మెథడోన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

ఆపితే ఏమవుతుందో లెక్కలున్నాయి. 2017లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం మెథడోన్ మీద ఉన్నన్నాళ్లు ఏడాదికి వెయ్యి మందిలో 11 మంది చనిపోతే, వైద్యం వదిలాక ఆ సంఖ్య 36. బ్యూప్రెనార్ఫిన్ విషయంలో వాడుతున్నన్నాళ్లు 4, వదిలాక 9 పైన. వదిలిన మొదటి నాలుగు వారాలే మరీ గండం. ఎప్పుడు ఆపాలన్నది ఏడాది, రెండేళ్ల తర్వాత, అబ్బాయే అడిగినప్పుడు, డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సిన మాట. షుగరు బిళ్ళ ఎన్నాళ్లని మీ అన్నయ్యగారు ఎవరినీ అడగరు కదా.

బిళ్ళ నాలుక కింద పూర్తిగా కరగాలి, ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. అందాకా నీళ్లూ మాటలూ వద్దు, మింగితే చాలావరకు వృథా. దీనితో పాటు మద్యం, అల్ప్రాజోలం పడితే ఊపిరి ఆగవచ్చు. ఎప్పుడైనా జారి మళ్లీ హెరాయిన్ వాడితే వెంటనే ఈ బిళ్ళ వేసుకోకూడదు. హెరాయిన్ ఇంకా కూర్చుని ఉండగా ఇది వచ్చి దాన్ని నెట్టేస్తుంది, ఒళ్లు నొప్పులు, వాంతులు, విరేచనాలు ఒక్కసారిగా మీద పడతాయి. ‘ఈ మందు నాకు పడదు’ అని చాలామంది పారిపోయేది ఈ పొరపాటు వల్లే. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆగి, ఆవులింతలు, ముక్కు కారడం, ఒళ్లు గగుర్పొడవడం మొదలయ్యాక 2 నుంచి 4 మి.గ్రా.తో మళ్లీ ప్రారంభించాలి.

ప్రశ్న: దూబగుంట ఆడవాళ్లు సారా కొట్లు మూయించిన జిల్లా మాది. అలాంటి గడ్డ మీద నిలబడి ‘తగ్గించి తాగండి’ అని నేర్పుతారా?
– రిటైర్డ్ టీచరు, నెల్లూరు

జవాబు: దూబగుంట మీద మాకు గౌరవం తప్ప ఇంకేం లేదు మాస్టారూ. 1992లో వాళ్లు కొట్టింది ఊరి నడిబొడ్డున సర్కారు పెట్టించిన సారా అమ్మకాన్ని, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. అమ్మకాల వేళలు కుదించడం, ధర పెంచడం, ప్రకటనలు ఆపడం తాగుడును తగ్గిస్తాయని ప్రపంచమంతటా రుజువుంది. అవీ హాని తగ్గింపే, వాటిని సడలించమని మేం ఎక్కడా రాయలేదు. కానీ 1995లో సంపూర్ణ మద్యనిషేధం పెట్టినప్పుడు అప్పటికే బానిసలైనవాళ్లకు ఊరూరా వైద్యం పెట్టారా? 1997లో నిషేధమే సడలిపోయింది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎయిమ్స్‌తో చేయించి 2019లో వెలువరించిన జాతీయ సర్వేలో, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందిందని తేలింది. మిగతా 37 మందిలాంటివాళ్ల భార్యలే కదా మాస్టారూ ఆనాడు రోడ్డెక్కింది.

ప్రశ్న: మా ఫ్రెండ్ గంజాయి మానాలనుకుంటున్నాడు. ఆసుపత్రికి వెళితే పోలీసులకు చెబుతారా?
– విద్యార్థి, హైదరాబాద్

జవాబు: మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ చూడండి. వాడకం కేసుగానీ, ‘చిన్న పరిమాణం’ కేసుగానీ ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో వైద్యానికి చేరితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. వైద్యం మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ తీసేయవచ్చు, కాబట్టి ఓపీ చీటీలన్నీ దాచుకోమనండి. చిన్న పరిమాణమంటే గంజాయికి కిలో, హెరాయిన్‌కు 5 గ్రాములు. అంతకు మించితే ఇది వర్తించదు. అసలు కేసే లేకపోతే ఈ సెక్షన్‌తో పనే లేదు, నేరుగా సైకియాట్రీ ఓపీకి వెళ్లడమే. చట్టంలో 1989 నుంచి ఈ వెసులుబాటు ఉన్నా ‘మత్తు వాడితే జైలే’ అని గోడల మీద రాసినంత పెద్ద అక్షరాలతో దీన్ని ఎక్కడా రాయరు. అందుకే మీ ఫ్రెండ్‌లాంటివాళ్లు ఆసుపత్రి గేటు దాకా వచ్చి వెనక్కి పోతారు.

ప్రశ్న: తమ్ముణ్ని డీ-అడిక్షన్ సెంటర్‌లో వేశాం. మూడు నెలలు ఫోన్ కూడా ఇవ్వం, అవసరమైతే కట్టేస్తాం అంటున్నారు. గట్టిగా ఉంటేనే కదా మారతాడు?
– అక్క, వరంగల్

జవాబు: దారికి తేవడానికని కట్టేయడం వైద్యం కాదు, నేరం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన కిందకు తెచ్చుకుంది. 95వ సెక్షన్ ప్రకారం ఏ రూపంలోనూ గొలుసులు వేయకూడదు, 97వ సెక్షన్ ప్రకారం ఒంటరి గదిలో పెట్టకూడదు. మనిషి ఇష్టం లేకుండా చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, అదీ మొదట 30 రోజుల వరకే. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ చూపించమనండి. ఎంబీబీఎస్ డాక్టరు రోజూ వస్తారా, రాత్రి ఫిట్స్ వస్తే ఎవరున్నారు, ఏ మందులు రాస్తున్నారు అని అడగండి. ‘మా దగ్గర మందులుండవు, క్రమశిక్షణే’ అంటే ఆ రోజే తీసుకొచ్చేయండి.

హెరాయిన్, నొప్పి ఇంజెక్షన్ల అలవాటైతే ఇంకో ప్రమాదముంది. మూడు నెలలు మూసిపెడితే ఒంటికి తట్టుకునే శక్తి పోతుంది. బయటికొచ్చి పాత మోతాదే కొడితే అదే ఆఖరిది కావచ్చు. ఇంటికి పంపే రోజున బ్యూప్రెనార్ఫిన్‌లాంటి నిర్వహణ మందు మొదలుపెట్టి పంపుతారా లేదా అన్నది అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న.

ప్రశ్న: మా పన్ను డబ్బుతో వాళ్లకు కొత్త సూదులా?
– వ్యాపారి, విశాఖపట్నం

జవాబు: అవును, కొత్త సూదులే. 1989–90లో మణిపూర్‌లో ఇంజెక్షన్ మత్తు వాడేవాళ్లలో హెచ్‌ఐవీ బయటపడింది. ఏడాది తిరిగేలోగా దాదాపు సగం మందికి పాకింది, వాళ్ల నుంచి భార్యలకు. 1996లో ఆ రాష్ట్రం హాని తగ్గింపును తన ఎయిడ్స్ విధానంలోకి తెచ్చుకుంది. అంతకుముందు స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో 1980లలో పోలీసులు, మందుల షాపులు కలిసి సిరంజీలు దొరక్కుండా చేస్తే అక్కడా సగం మందికి సోకింది. 2021 లెక్కల ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 0.21 శాతమైతే సూది మత్తు వాడేవాళ్లలో 9 శాతం. కొత్త సిరంజీ రూపాయల్లో వస్తుంది, ఒక మనిషికి జీవితాంతం హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఇచ్చేది కూడా మీ పన్నులోంచే.

సిరంజీ ఒక్కటీ ఇస్తే చాలదు. హెపటైటిస్ సి క్రిమి వాడిన సిరంజీలో వారాల తరబడి బతికి ఉంటుంది. కలిపే నీళ్లు, వడగట్టే దూది, గిన్నె పంచుకున్నా అంటుతుంది. కిట్‌లో అవన్నీ ఉండాలి, వాడినవి వెనక్కి తీసుకోవాలి. నొప్పిబిళ్ళలు నూరి ఎక్కించుకునేవాళ్లకు బిళ్ళలోని సుద్ద రక్తనాళాల్లో, ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటుంది, దానికి సూది మార్చినా ఫలితం లేదు. సూదికి వచ్చినవాణ్ని బ్యూప్రెనార్ఫిన్‌కు మళ్లించాలి. రెండూ కలిసి అందిన చోట హెపటైటిస్ సి ప్రమాదం నాలుగింట మూడు వంతులు తగ్గింది.

ప్రశ్న: ఓవర్‌డోస్ అయితే 108 వచ్చేలోగా ఇంట్లో ఏం చేయాలి? మజ్జిగ, నిమ్మరసం తాగించవచ్చా?
– కర్నూలు నుంచి ఒక తండ్రి

జవాబు: నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నెత్తిన నీళ్లు కుమ్మరించడం, నడిపించడం కూడా వద్దు. పెదాలు నీలంగా మారి, గొంతులో గురగుర అంటూ, కంటిపాప గుండుసూది మొనంత అయి ఉంటే అది హెరాయిన్ జాతి మత్తు ఓవర్‌డోస్. వేళ్ల కణుపులతో రొమ్ము ఎముక మీద గట్టిగా రుద్దండి. కదలకపోతే 108కి చెప్పి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి, ఐదారు సెకన్లకోసారి నోటితో ఊపిరి ఊదండి. ఊపిరి ఆడుతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

దీనికి విరుగుడు నలోక్సోన్. 0.4 మి.గ్రా. ఆంప్యూల్‌గా దొరుకుతుంది, డాక్టరు చీటీ కావాలి. మీ అబ్బాయికి వైద్యం చేస్తున్న డాక్టరునే రాసివ్వమని, పొడవడం నేర్పమని అడగండి. తొడ కండలో ఒకటి ఇచ్చి, రెండు మూడు నిమిషాల్లో ఊపిరి రాకపోతే రెండోది. అల్ప్రాజోలం, మద్యం మీద అది పనిచేయదు, అయినా ఇవ్వడం వల్ల చెడేమీ లేదు. దాని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే, లోపలున్న మత్తు అంతకన్నా ఎక్కువసేపు ఉండొచ్చు. లేచి కూర్చుని ‘నాకేం కాలేదు, వదలండి’ అన్నా బయటికి పోనివ్వకండి, ఆసుపత్రికి చేరేదాకా పక్కన ఒకరుండాలి. ముందుగా మాట్లాడుకోవడానికైతే 14446 డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, 14416 టెలీ మానస్ ఉన్నాయి, రెండూ ఉచితమే.